సీసాలో ఉండిపోయిన మందు

1844లో జర్మనీలోని గీసెన్‌లో, ఆ రోజుల్లో రసాయనశాస్త్రం నేర్చుకోవాలనుకునేవాళ్లంతా వెళ్లే లీబిగ్ ప్రయోగశాలలో, మికేలే పెయ్‌రోనే అనే ఇటలీ దేశస్థుడు ప్లాటినం క్లోరైడ్‌లో అమ్మోనియా కలిపి చూస్తున్నాడు. మాగ్నస్ అనే శాస్త్రవేత్త 1828లో తయారుచేసిన ఆకుపచ్చ లవణాన్ని తానూ చేయాలన్నది ఆయన ప్రయత్నం. ఆకుపచ్చదానితో పాటు పసుపుపచ్చ పొడి ఒకటి వచ్చింది. విశ్లేషించి చూస్తే రెండింటిలోనూ ప్లాటినం, క్లోరిన్, అమ్మోనియా ఒకే పాళ్లలో ఉన్నాయి. పాళ్లు ఒకటే అయినప్పుడు రంగు ఎందుకు మారిందో అప్పట్లో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ పసుపు పొడికి ఆయన పేరే నిలిచింది. పెయ్‌రోనే క్లోరైడ్ అన్నారు.

1978 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అదే పొడిని క్యాన్సర్ మందుగా ఆమోదించింది. ఇప్పుడు దాని పేరు సిస్‌ప్లాటిన్. మధ్యలో గడిచినవి 134 ఏళ్లు. అన్నేళ్లూ అది ఎవరికీ తెలియని పదార్థమేమీ కాదు. పాఠ్యపుస్తకాల్లో ఉంది, ప్రయోగశాలల్లో సీసాల్లో ఉంది. రసాయనవేత్తలు దాని ఆకారం గురించి తరాల తరబడి వాదించుకున్నారు. బతికున్న కణం మీద వేస్తే ఏమవుతుందని మాత్రం అడగలేదు. లోహ సమ్మేళనాల్లోంచి మందు పుట్టిన తీరు తెలుసుకోవాలంటే ఇంతకు మించిన కథ లేదు. తయారుచేయడం ఒక ఎత్తు, పరీక్షించడం మరో ఎత్తు అనే మాటకు ఈ కథే రుజువు.

ఆకారం తేల్చిన వెర్నర్

ఒక లోహపు అయాన్ మధ్యలో ఉండి, దాని చుట్టూ కొన్ని అణువులో అయాన్లో ఎలక్ట్రాన్ జంటలను అందించి అతుక్కుని ఉంటే దాన్ని సమన్వయ సమ్మేళనం అంటాం. చుట్టూ చేరినవాటిని లైగాండ్లు అంటాం. మన రక్తంలో ఆక్సిజన్ మోసే హీమ్ అలాంటిదే, మధ్యలో ఇనుము. ఆకులోని పత్రహరితం అలాంటిదే, మధ్యలో మెగ్నీషియం. బి12 విటమిన్‌లో కోబాల్ట్. జీవానికి లోహాలు కొత్త కాదు.

పెయ్‌రోనే పొడిలో ప్లాటినం చుట్టూ రెండు అమ్మోనియాలు, రెండు క్లోరిన్లు ఉన్నాయి. సరిగ్గా ఇవే పాళ్లతో, వేరే గుణాలతో ఇంకో సమ్మేళనం కూడా అప్పటికే దొరికింది. 1893లో స్విట్జర్లాండ్‌లో ఆల్‌ఫ్రెడ్ వెర్నర్ దీనికి సమాధానం చెప్పాడు. నాలుగు లైగాండ్లు చతుర్ముఖి మూలల్లో ఉంటే ఎలా అమర్చినా ఒకే రూపం వస్తుంది. రెండు రూపాలు దొరుకుతున్నాయంటే అవి ఒకే తలంలో చతురస్రం మూలల్లో ఉండాలి. క్లోరిన్లు రెండూ పక్కపక్క మూలల్లో ఉంటే సిస్, ఎదురెదురు మూలల్లో ఉంటే ట్రాన్స్. ఎక్స్-కిరణాలతో స్ఫటికాల లోపలికి చూసే పద్ధతి ఇంకా పుట్టకముందే, ఎన్ని రూపాలు దొరికాయో లెక్కపెట్టి అణువు ఆకారం తేల్చిన మేధ అది. 1913లో వెర్నర్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. పెయ్‌రోనే పొడి సిస్ రూపమని స్థిరపడింది. అక్కడితో దాని పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు.

వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి

బార్నెట్ రోజెన్‌బర్గ్ చదివింది భౌతికశాస్త్రం. 1961లో జీవభౌతికశాస్త్ర విభాగం నెలకొల్పడానికి అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి వచ్చాడు. కణం విభజన చెందుతున్నప్పుడు తీసిన ఛాయాచిత్రాలు ఆయన్ని పట్టి ఆపాయి. రెండు ధ్రువాల మధ్య పరుచుకున్న ఆ పోగులు, అయస్కాంతం చుట్టూ ఇనుప రజను పేరుకున్న తీరును గుర్తుచేశాయి. అయితే కణవిభజనలో విద్యుత్ క్షేత్రానికి ఏమైనా పాత్ర ఉందా? బయటినుంచి విద్యుత్ క్షేత్రం పెడితే విభజన మారుతుందా? ఆయన వెతకడం మొదలుపెట్టింది ఈ ప్రశ్నకు సమాధానం కోసం. క్యాన్సర్ ఆయన ఆలోచనలోనే లేదు.

పరికరం సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడటానికి ముందుగా ఈ.కోలై బ్యాక్టీరియాతో మొదలుపెట్టారు. గాజు పాత్రలోకి ఒకవైపు నుంచి పోషక ద్రావణం వస్తూ ఉంటుంది, ఇంకోవైపు నుంచి పోతూ ఉంటుంది, లోపల బ్యాక్టీరియా సంఖ్య నిలకడగా ఉంటుంది. ద్రావణంలోకి దించిన ఎలక్ట్రోడ్లు ప్లాటినంవి. ప్లాటినం దేనితోనూ చర్య జరపదని, ప్రయోగాన్ని పాడుచేయదని నమ్మకం. విద్యుత్ పెట్టిన ఒకటి రెండు గంటలకు పాత్రలోని మసక తగ్గడం మొదలైంది. అంటే బ్యాక్టీరియా తగ్గిపోతోంది. విద్యుత్ ఆపేస్తే మళ్లీ పెరిగింది.

ఆ ప్రయోగాలు చూస్తున్న సూక్ష్మజీవ నిపుణురాలు లొరెట్టా వాన్ క్యాంప్. పాత్రలోంచి కాస్త ద్రావణం తీసి మైక్రోస్కోపు కింద పెడితే మామూలుగా పొట్టిగా ఉండే ఈ.కోలై పొడవాటి పోగులుగా సాగి ఉంది. కొన్ని మామూలు పొడవుకు 300 రెట్ల దాకా ఉన్నాయి. బ్యాక్టీరియా చావలేదు. పెరుగుతోంది, కానీ రెండుగా విడిపోవడం లేదు. పెరుగుదలను ముట్టుకోకుండా విభజనను మాత్రమే ఆపుతున్నది ఏదో అక్కడ ఉంది.

విద్యుత్ క్షేత్రమే కారణమని రాసేసి ఉంటే ఆ కథ అక్కడితో ముగిసేది. తాను వెతుకుతున్న జవాబు కళ్లముందు కనిపించినప్పుడు దాన్నే అనుమానించడం ఎంత కష్టమో పరిశోధన చేసినవాళ్లకు తెలుసు. రోజెన్‌బర్గ్ బృందం ఆ కష్టమైన పనే చేసింది. ఒక్కో కారణాన్నీ విడదీసి పరీక్షించింది. నిర్ణయాత్మకమైన ప్రయోగం చాలా సాదాసీదాది. ముందు ద్రావణంలోకి విద్యుత్ పంపారు, ఆపేశారు, ఆ తర్వాత అందులో బ్యాక్టీరియాను వేశారు. విద్యుత్ లేదు, అయినా బ్యాక్టీరియా పోగులుగా సాగింది. అంటే కారణం విద్యుత్ కాదు, విద్యుత్ వల్ల ద్రావణంలోకి చేరిన పదార్థం. దేనితోనూ చర్య జరపదనుకున్న ప్లాటినం ఎలక్ట్రోడ్లే కొద్దికొద్దిగా కరుగుతున్నాయి. పది లక్షల భాగాల్లో పది భాగాలకు మించని ఆ ప్లాటినం, ద్రావణంలో ఉన్న అమ్మోనియం క్లోరైడ్‌తో కలిసి సమ్మేళనాలు ఏర్పరుస్తోంది. 1965లో నేచర్ పత్రికలో రోజెన్‌బర్గ్, వాన్ క్యాంప్, థామస్ క్రిగాస్ ఈ సంగతి ప్రకటించారు.

ఆ సమ్మేళనాల్లో ఏది? అమ్మోనియం హెక్సాక్లోరోప్లాటినేట్ అయి ఉంటుందని సీసాలోంచి తీసి వేస్తే బ్యాక్టీరియా చచ్చింది కానీ పోగులుగా సాగలేదు. అదే ద్రావణం కొన్నాళ్లు వెలుతురులో నిలవ ఉన్నాక వేస్తే సాగింది. వెలుతురు తగిలి ప్లాటినం చుట్టూ ఉన్న క్లోరైడ్లు కొన్ని తప్పుకుని వాటి చోట్లోకి అమ్మోనియా చేరుతోంది. రసాయనవేత్త ఆండ్రూ థామ్సన్ తోడయ్యాక లెక్క తేలింది. రుణావేశం ఉన్న సమ్మేళనాలు బ్యాక్టీరియాను చంపుతున్నాయి. ఏ ఆవేశమూ లేనివి విభజనను ఆపుతున్నాయి. వాటిలోనూ సిస్ రూపం పనిచేస్తుంది, ట్రాన్స్ రూపం పనిచేయదు. రసాయనవేత్తల వాదనగా మిగిలిపోయిన సిస్-ట్రాన్స్ తేడా ఇప్పుడు బతికున్న కణం ముందు నిలబడి అసలు విలువ చూపించింది. పెయ్‌రోనే పొడి మళ్లీ వెలుగులోకి వచ్చింది.

ఎలుకల్లోంచి మనుషుల్లోకి

విభజన ఆగడమే లేకుండా సాగే జబ్బు క్యాన్సర్. పైగా అప్పటికే తెలిసిన కొన్ని క్యాన్సర్ మందులూ, రేడియేషనూ బ్యాక్టీరియాను ఇలాగే పోగులుగా సాగదీస్తాయి. 1968లో రోజెన్‌బర్గ్ బృందం సార్కోమా-180 అనే కణితిని నాటిన ఎలుకలకు నాలుగు ప్లాటినం సమ్మేళనాలు ఇచ్చి చూసింది. కణితులు కరిగాయి. కణితి బాగా పెరిగేదాకా ఆగి మందు మొదలుపెట్టినా కరిగాయి. 1969లో నేచర్‌లో ఆ ఫలితాలు వచ్చాయి. లండన్‌లోని చెస్టర్ బీటీ సంస్థలోనూ, అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలోనూ జరిగిన పరీక్షల్లో ప్లాటినం సమ్మేళనాలు నిలబడ్డాయి. 1971లో మొదటిసారి రోగులకు ఇచ్చారు.

కణితులు తగ్గాయి, కానీ రోగులు తట్టుకోలేకపోయారు. ఆగని వాంతులు, వినికిడి తగ్గడం, అన్నిటికంటే మించి కిడ్నీలు దెబ్బతినడం. భారలోహాన్ని మనిషి ఒంట్లోకి ఎక్కించడమేమిటని మొదటినుంచీ అనుమానించినవాళ్ల మాటే నిజమయ్యేలా కనిపించింది. మందును పక్కన పెట్టేసే పరిస్థితి వచ్చింది. దాన్ని నిలబెట్టింది నీళ్లు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్-కెటరింగ్ ఆసుపత్రిలో ఎస్టబాన్ స్విట్‌కోవిచ్ బృందం ముందు కుక్కల మీద, తర్వాత రోగుల మీద పరీక్షించి చూపింది. మందుకు ముందూ తర్వాతా సెలైన్ బాగా ఎక్కించి, మూత్రం ధారాళంగా వచ్చేందుకు మానిటాల్ ఇస్తే కిడ్నీలకు జరిగే నష్టం బాగా తగ్గుతుంది. ఈ రోజుకూ సిస్‌ప్లాటిన్ కీమో అంటే ముందు సెలైన్ సీసాలు, తర్వాత మందు, మళ్లీ సెలైన్ సీసాలు. ఆ గంటలన్నీ కిడ్నీల కోసమే.

1974లో ఇండియానా యూనివర్సిటీలో లారెన్స్ ఐన్‌హార్న్ అప్పటికే వాడుకలో ఉన్న విన్‌బ్లాస్టిన్, బ్లియోమైసిన్‌లకు సిస్‌ప్లాటిన్‌ను జోడించాడు. రోగులు ఎక్కువగా యువకులు. వృషణాల్లో పుట్టి ఊపిరితిత్తులకూ ఇతర భాగాలకూ పాకిన క్యాన్సర్ అది. అలా పాకితే నూటికి పది మంది కూడా బతకడం కష్టమైన రోజులు. ఇక ఆశ లేదనుకున్న ఒక విద్యార్థి ఎక్స్-రేలో కణితులు మాయమయ్యాయి. ఆ అబ్బాయి పూర్తిగా కోలుకుని, తర్వాత ఉపాధ్యాయుడై దశాబ్దాల పాటు బతికాడు. పాకిన వృషణ క్యాన్సర్‌లో ఇప్పుడు నూటికి ఎనభై మంది దాకా నయమవుతున్నారు. ఒక్క లోహ సమ్మేళనం ఒక జబ్బు తలరాతను ఇంతగా మార్చిన సందర్భం వైద్యంలో అరుదు.

లోపల ఏం జరుగుతుంది

రక్తంలో క్లోరైడ్ అయాన్లు దండిగా ఉంటాయి, లీటరుకు 100 మిల్లీమోల్‌ల దగ్గర. అవి ఉన్నంతసేపూ సిస్‌ప్లాటిన్ తన రెండు క్లోరైడ్లను దాదాపుగా వదలదు. కణం లోపలికి వెళ్లాక క్లోరైడ్ బాగా తక్కువ, 4 నుంచి 20 మిల్లీమోల్‌లు. అక్కడ ఆ రెండూ ఊడిపోయి వాటి చోట్లో నీటి అణువులు చేరతాయి. నీటిని పక్కకు నెట్టడం డీఎన్ఏకి తేలిక. ప్లాటినం వెళ్లి డీఎన్ఏలోని గ్వానిన్‌కు అతుక్కుంటుంది. ఖాళీ అయిన రెండు చోట్లూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి పక్కపక్కనే ఉన్న రెండు గ్వానిన్‌లను ఒకేసారి పట్టేస్తుంది. అక్కడ డీఎన్ఏ మెలి వంగిపోతుంది. నకలు తీయడం కుదరదు. సరిచేసుకోలేని కణం తనను తానే అంతం చేసుకుంటుంది. ట్రాన్స్ రూపంలో ఖాళీ చోట్లు ఎదురెదురుగా ఉంటాయి, పక్కపక్క గ్వానిన్‌లు దానికి అందవు. వెర్నర్ గీసిన చతురస్రంలో ఏ మూలన ఏముందన్నదే మందుకూ మందు కానిదానికీ తేడా.

ఈ రసాయనం పుస్తకాల్లోనే ఉండిపోలేదు. కీమో వార్డులో నర్సు చేతిలోనూ ఉంది. సిస్‌ప్లాటిన్‌ను నార్మల్ సెలైన్‌లోనే కలుపుతారు, అందులోని క్లోరైడ్ మందును చెక్కుచెదరకుండా ఉంచుతుంది. అల్యూమినియం భాగాలున్న సూదులు వాడరు, ఆ లోహం తగిలితే మందు పాడవుతుంది. దీని చెల్లెలు ఆక్సాలిప్లాటిన్‌కు సరిగ్గా వ్యతిరేక నియమం. దాన్ని డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి, సెలైన్‌లో కలపకూడదు, క్లోరైడ్ తగిలితే అది చెడుతుంది.

మన దేశపు పత్రికలో ఒక పద్ధతి

మందుగా వాడాలంటే సిస్ రూపం మాత్రమే రావాలి, ట్రాన్స్ కలవకూడదు. పెయ్‌రోనే పద్ధతిలో కల్తీ తప్పదు. 1970లో ఇండియన్ జర్నల్ ఆఫ్ కెమిస్ట్రీలో ఎస్.సి. ధారా అనే శాస్త్రవేత్త రెండు పేజీల వ్యాసం రాశాడు. ఇప్పటికీ ప్రపంచమంతా సిస్‌ప్లాటిన్ తయారీకి చెప్పుకునేది ధారా పద్ధతే.

దాని నడక ముచ్చటగా ఉంటుంది. ఎర్రటి పొటాషియం టెట్రాక్లోరోప్లాటినేట్ ద్రావణంలో పొటాషియం అయొడైడ్ ఎక్కువగా వేస్తే ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. క్లోరైడ్లన్నీ పోయి అయొడైడ్లు చేరాయన్నమాట. అమ్మోనియా కలిపితే పసుపు అవక్షేపం దిగుతుంది. కీలకం ఇక్కడే ఉంది. ప్లాటినం మీద ఒక లైగాండ్ తనకు ఎదురుగా ఉన్న చోటును వదులు చేస్తుంది. రష్యా శాస్త్రవేత్త చెర్న్యాయెవ్ 1926లో గమనించిన ఈ గుణంలో అయొడైడ్ అమ్మోనియా కంటే చాలా గట్టిది. అందువల్ల రెండో అమ్మోనియా మొదటిదానికి ఎదురుగా కాకుండా పక్కనే వచ్చి చేరుతుంది. తర్వాత సిల్వర్ నైట్రేట్ వేస్తే అయొడైడ్లు సిల్వర్ అయొడైడ్‌గా కిందికి దిగిపోతాయి. వడకట్టి, మిగిలిన ద్రావణంలో పొటాషియం క్లోరైడ్ వేస్తే పసుపుపచ్చని సిస్‌ప్లాటిన్ వస్తుంది.

వచ్చింది సిస్సేనా అని చూడటానికి కుర్నకోవ్ పరీక్ష ఉంది. థయోయూరియాతో కలిపితే సిస్ రూపం పసుపు స్ఫటికాలిస్తుంది, ట్రాన్స్ రూపం తెల్లటి సూదులిస్తుంది. ఖరీదైన యంత్రం అక్కర్లేదు, పరీక్షనాళిక చాలు.

చెల్లెళ్లు

కిడ్నీల బాధ తగ్గించాలని క్లోరైడ్లకు బదులు అంత తేలిగ్గా ఊడని లైగాండ్ పెట్టి చూశారు. లండన్ క్యాన్సర్ పరిశోధన సంస్థ, రాయల్ మార్స్‌డెన్ ఆసుపత్రి, జాన్సన్ మాథీ కంపెనీ కలిసి పనిచేయగా వచ్చింది కార్బోప్లాటిన్. 1986లో బ్రిటన్‌లో, 1989లో అమెరికాలో ఆమోదం పొందింది. కిడ్నీలకు మేలు, కానీ ప్లేట్‌లెట్లు పడిపోతాయి. జపాన్‌లో నగోయా సిటీ యూనివర్సిటీలో కిదానీ యోషినోరి బృందం అమ్మోనియాలకు బదులు వేరే అమీన్ పెట్టి 1976లో చేసిన సమ్మేళనం ఆక్సాలిప్లాటిన్ అయింది. సిస్‌ప్లాటిన్‌కు లొంగని పెద్దపేగు క్యాన్సర్‌కు అది పనికొచ్చింది. ఆ మందు తీసుకునేవాళ్లకు చల్లటి నీళ్లు ముట్టుకున్నా వేళ్లు జివ్వుమంటాయి. లైగాండ్ మారితే మేలూ మారుతుంది, కీడూ మారుతుంది. ఏది ఎలా మారుతుందో కాగితం మీద లెక్కవేసి తేల్చలేం, పరీక్షించి తెలుసుకోవాల్సిందే.

సిస్‌ప్లాటిన్ మాత్రం పాతబడలేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్‌తో పాటు దీన్నీ ఇస్తే ప్రాణాలు నిలుస్తాయని 1999లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ వైద్యులందరికీ ప్రత్యేకంగా తెలియజేసింది. శరీర ఉపరితలంలో చదరపు మీటరుకు 40 మిల్లీగ్రాముల చొప్పున వారానికోసారి ఇవ్వడం ఇప్పుడు మామూలు పద్ధతి. హైదరాబాద్ ఎం.ఎన్.జె. ఆసుపత్రి మొదలుకొని మన దగ్గర క్యాన్సర్ ఆసుపత్రులకు వచ్చేవాళ్లలో నోటి క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్నవాళ్లు చాలామంది. పొగాకు పని చేసే ఊళ్ల నుంచి, పరీక్షలు చేయించుకునే వీలు లేని పల్లెల నుంచి వచ్చే ఆ తల్లులకూ తండ్రులకూ రేడియేషన్‌తో పాటు ఎక్కే మందు ఎక్కువగా ఇదే. వినికిడి పోయే బాధ మీద కూడా పని జరుగుతూనే ఉంది. పిల్లల్లో ఆ నష్టాన్ని తగ్గించడానికి సోడియం థయోసల్ఫేట్‌ను 2022లో అమెరికాలో ఆమోదించారు.

మన ప్రయోగశాలలకు మిగిలిన పని

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో అకర్బన రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ చేసేవాళ్లలో చాలామంది చేసే పని ఈ కథకు కొనసాగింపే. ఉస్మానియాలో రుథేనియం సమ్మేళనాలు డీఎన్ఏకి ఎలా అతుక్కుంటాయో ఏళ్ల తరబడి చూస్తున్నారు. షిఫ్ బేస్ లైగాండ్లతో రాగి, నికెల్, కోబాల్ట్, జింక్ సమ్మేళనాలు చేయని విభాగం అరుదు. చేసినదాన్ని అగార్ పళ్లెంలో పెరుగుతున్న బ్యాక్టీరియా మీద పెట్టి, మరునాడు చుట్టూ ఏర్పడిన ఖాళీ వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. వలయం పెద్దదైతే సంతోషం, వ్యాసంలో ఒక పట్టిక. ఎక్కువసార్లు పని అక్కడే ఆగిపోతుంది.

ఆ శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మిషిగన్‌లోనూ మొదలైంది ఈ.కోలైతోనే. కానీ అక్కడ సంఖ్య తగ్గిందని రాసుకుని ఊరుకోలేదు. బ్యాక్టీరియాను మైక్రోస్కోపు కింద పెట్టి ఏమైందో చూశారు. కారణం అనుకున్నదాన్ని తీసేసి మళ్లీ చేశారు. సిస్ రూపంతో పాటు ట్రాన్స్ రూపాన్నీ పక్కన పెట్టి పోల్చారు. మన దగ్గర వలయం కొలిచేటప్పుడు ఉత్త లైగాండ్‌నూ, ఉత్త లోహ లవణాన్నీ, ఉత్త ద్రావణినీ అదే పళ్లెంలో పెడితే, పనిచేస్తున్నది సమ్మేళనమా, అందులోంచి ఊడిన లోహమా అన్నది అక్కడే తెలుస్తుంది. ద్రావణి విషయమూ చిన్నది కాదు. కరగని సమ్మేళనాన్ని డీఎంఎస్ఓలో కరిగించడం అందరికీ అలవాటు. సిస్‌ప్లాటిన్‌ను డీఎంఎస్ఓలో కరిగిస్తే ఆ ద్రావణి ప్లాటినానికి తానే అతుక్కుని, క్లోరైడ్‌ను నెట్టేసి, మందు బలాన్ని పోగొడుతుంది. ప్రపంచంలోకెల్లా గొప్ప లోహ ఔషధాన్ని కూడా అలా పరీక్షిస్తే పనికిరాదనే తేలుతుంది. ఈ దారిలో ఎన్ని మంచి సమ్మేళనాలు పనికిరానివాటి పట్టికలో చేరిపోయి ఉంటాయో అనిపిస్తుంది.

కొత్త సమ్మేళనాల కొరత మనకు లేదు. ఏటా వందలు తయారవుతున్నాయి. వాటిలో ప్రతిదానికీ సరైన ప్రశ్నలు వేసే ఓపిక కావాలి. రసాయనవేత్త పక్కన సూక్ష్మజీవ నిపుణురాలు, ఆ పక్కన వైద్యుడు కూర్చునే వీలు కల్పించే విశ్వవిద్యాలయాలు కావాలి. పెయ్‌రోనే పొడి 134 ఏళ్లు ఆగింది. ఈ రోజు మన విభాగాల బీరువాల్లో పేర్లు రాసిపెట్టి ఉన్న సీసాలు అంతకాలం ఆగాల్సిన అవసరం లేదు. వాటిని మళ్లీ తీసి, ఈసారి సరిగ్గా పరీక్షించడం మన చేతిలో పనే.